పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదంటున్నారు: వాక్యం పెద్దదా, సంఘాచారం పెద్దదా?

తిరుచానూరు_తండ్రి
మాది మూడు తరాలుగా లూథరన్ కుటుంబం. మా పెద్దమ్మాయికి చిత్తూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఉద్యోగస్థుడు, కట్నం ఊసే ఎత్తలేదు. అంతా కుదిరిందనుకున్న సమయంలో, వారు వెళ్లే స్వతంత్ర సంఘపు పాస్టరు గారు, అమ్మాయి నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్లి జరిపిస్తామని కబురు పంపారు. పసిబిడ్డ నెత్తిన నీళ్లు పోయడాన్ని వాక్యం ఎక్కడా బాప్తిస్మం అనలేదట, అది మనుషులు పెట్టుకున్న పారంపర్యాచారమట. మా సంఘపు అయ్యగారిని (పాస్టరును) అడిగితే, బాప్తిస్మం ఒక్కటేననీ, రెండోసారి తీసుకుంటే మొదటిదాన్ని కాదన్నట్టేననీ అన్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే బైబిలు. పెళ్లి సంగతి మేము చూసుకుంటాం, దాని గురించి నేను ఇక్కడ అడగడం లేదు. వాక్యం పేరుపెట్టి చెప్పని విషయంలో, సంఘం తరతరాలుగా చేస్తూ వచ్చిన పనికి అధికారం ఉందా, లేదా? ఉంటే ఎంతవరకు?

బెరయ_వాసి
వాక్యం పేరుపెట్టి చెప్పలేదని మీరే ఒప్పుకున్నారు కనుక సగం జవాబు మీ దగ్గరే ఉంది. అపొస్తలుల కార్యములలో బాప్తిస్మం పొందినవారిని వరుసగా చూడండి: మొదట విన్నారు, తరువాత నమ్మారు, ఆ తరువాతే నీళ్లలోకి దిగారు. ఫిలిప్పూ ఐతియొపీయుడూ ఇద్దరూ నీళ్లలోకి దిగారని ఎనిమిదో అధ్యాయంలో స్పష్టంగా ఉంది. మార్కు 7లో ప్రభువు పరిసయ్యులను గద్దించిన కారణం కూడా ఇదే. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని ప్రకటించి తప్పించుకునే ఆచారం ఒకటి పెట్టుకుని, దేవుడిచ్చిన ఆజ్ఞను వారు కొట్టివేశారు. ఆచారం ఎంత పాతదైనా వాక్యం ముందు నిలబడి లెక్క చెప్పుకోవాలి. బెరయలోని వారు అపొస్తలుడైన పౌలు మాటనే లేఖనాలతో సరిచూశారు, ఇక మన మిషనరీలను, మన తాతలను సరిచూడకుండా ఎలా వదిలిపెడతాం?

డెబ్బైమూడు_పుస్తకాలు
బెరయ వారు సరిచూసిన లేఖనాలు ఏవో కూడా చెప్పండి. వారి దగ్గర ఉన్నది పాత నిబంధన మాత్రమే. పౌలు వారికి ప్రకటించిన సువార్త నాటికి ఏ పుస్తకంలోనూ లేదు, వారు దాన్ని చెవులతో విని నమ్మారు. అదే పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో, నోటిమాట వల్లనైనా పత్రిక వల్లనైనా నేర్చుకున్నవాటిని గట్టిగా పట్టుకోమన్నాడు. రెంటినీ పక్కపక్కన పెట్టింది ఆయనే, మేము కాదు. పసిబిడ్డలకు జ్ఞానస్నానం, అంటే మీరనే బాప్తిస్మం, ఇవ్వడం అపొస్తలుల నుంచి అందిన పారంపర్యమని మూడో శతాబ్దంలోనే వేదాంతి ఓరిజెన్ రాశాడు. ఇది మా కతోలిక తిరుసభ మధ్యలో ఎప్పుడో కల్పించుకున్నది కాదు.

పాకాల_జంక్షన్
ఒకరి బైబిలులో పుస్తకాలు అరవైఆరు, మరొకరి కతోలిక బైబిలులో డెబ్బైమూడు. ఆ ఏడు పుస్తకాల తకరారు తేలకుండానే బాప్తిస్మపు తొట్టి దగ్గరకు చేరుకున్నారు. చూడడానికి మాకు బాగానే ఉంది, కానివ్వండి.

బెరయ_వాసి
ఓరిజెన్ పేరు చెప్పారు. అంతకు ముందే, సుమారు 200వ సంవత్సరంలో, క్రైస్తవ రచయిత టెర్టులియన్ పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడానికి తొందరపడవద్దనీ, వారు పెరిగి క్రీస్తును ఎరిగిన తరువాత రానివ్వమనీ రాశాడు. ఆచారం అపొస్తలుల నుంచి నిర్వివాదంగా వచ్చినదే అయితే ఆయన అలా రాయగలిగేవాడా? ప్రసిద్ధ వేదాంతి అగస్టీన్ తల్లి మోనికా భక్తురాలు కదా, ఆయనకు 387లో, ముప్పై ఏళ్లు దాటాక, మిలాను నగరంలో బిషప్పు ఆంబ్రోసు చేతుల మీదుగా బాప్తిస్మం ఎందుకైంది? మీరు పారంపర్యం అంటున్నది ఒక్క తాటి మీద నడిచిన పారంపర్యం కాదు.

చరిత్ర_చదువరి
మదనపల్లెలో ఉంటాను, సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) సభ్యుణ్ణి. ఇద్దరి మాటల్లోనూ నిజముంది, అందుకే ఈ విషయం తేలదు. అయితే తిరుచానూరు వారి ఇంట్లో వచ్చిన తగాదా, అంటే ఒకచోట పొందిన బాప్తిస్మాన్ని మరొకచోట ఒప్పుకోవాలా, మళ్లీ ఇవ్వాలా అన్న తగాదా, మూడో శతాబ్దంలోనే ఒకసారి పూర్తిస్థాయిలో జరిగింది. ఆనాడు వాక్యం, ఆచారం అన్న రెండు మాటలూ ఎవరెవరి నోట పలికాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

సంఘం నుంచి చీలిపోయిన నొవాషియన్ వర్గం వారు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదనీ, అక్కడి నుంచి వచ్చేవారు కొత్తగా బాప్తిస్మం పొందవలసిందేననీ కార్తేజు బిషప్పు సిప్రియన్ పట్టుబట్టాడు. 256లో కార్తేజులో కూడిన 87 మంది బిషప్పులు ఆయన పక్షాన నిలిచారు. రోము బిషప్పు స్తెఫాను ఒప్పుకోలేదు. మనకు అందిన ఆచారం తప్ప కొత్తది ఏదీ తేవద్దు, వచ్చినవారి మీద చేతులుంచితే చాలు అన్నాడు. దానికి సిప్రియన్ ఇచ్చిన జవాబు నేటికీ ప్రసిద్ధమే: సత్యం లేని ఆచారం పాతబడిన పొరపాటు మాత్రమే.

మాట సిప్రియన్‌ది గొప్పది, కాని సంఘం చివరకు స్తెఫాను పద్ధతినే తీసుకుంది. 314లో ఆర్ల్ నగరంలో కూడిన బిషప్పుల సభ, త్రియేక నామంలో (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో) బాప్తిస్మం పొందినవారికి మళ్లీ ఇవ్వనక్కరలేదని తీర్మానించింది. నేటికీ కతోలికులు, లూథరన్లు, మేము ఆ దారిలోనే ఉన్నాం. వాక్యం ఆధారంగా ఆచారాన్ని ఎదిరించడం ఎంత పాతదో, అలా ఎదిరించిన పెద్దమనిషి మాటను సంఘం పక్కన పెట్టడం కూడా అంతే పాతది.

బెరయ_వాసి
సిప్రియన్ అన్న ఆ ఒక్క మాటనూ మా మందిరం గోడ మీద రాయించుకోవచ్చు.

డెబ్బైమూడు_పుస్తకాలు
రాయించుకోండి, కాని దాని కింద మరో సంగతి కూడా చేర్చండి. సుమారు 253లో ఫీదుస్ అనే బిషప్పు, బిడ్డకు సున్నతిలాగే ఎనిమిదో రోజు వరకు ఆగుదామా అని అడిగితే, ఎనిమిది రోజులు కూడా ఆగవద్దు, పుట్టిన బిడ్డకు వెంటనే ఇవ్వమని సభ తరఫున రాసింది ఈ సిప్రియనే.

పాకాల_జంక్షన్
గోడ సున్నం ఇంకా ఆరలేదు, చెరిపేయవచ్చు.

కొత్తపేట_కోడలు
పుట్టింట్లో మేము సి.ఎస్.ఐ., అత్తవారిది పెంతెకొస్తు సంఘం. తిరుచానూరు వారి అమ్మాయికి వచ్చిన షరతే నాకూ వచ్చింది, నేను ఒప్పుకున్నాను. మందిరం వెనుక సిమెంటు తొట్టి, అందులో బోరు నీళ్లు, డిసెంబరు నెల. తెల్లచీర తడిసి కాళ్లకు చుట్టుకుపోతుంటే మెట్టు కనిపించక తడబడ్డాను, మా అత్తగారు చెయ్యి అందించారు. ఆ రోజు నేను చేసిన ప్రార్థన నిజమైనదే, దాని గురించి నాకు పశ్చాత్తాపం లేదు. చిన్నప్పుడు మా అమ్మానాన్నలు నన్ను ఎత్తుకుని చేయించినది అబద్ధమని మాత్రం నేను ఈనాటికీ అనలేను.

నేను చెప్పదలచినది వేరు. వాక్యంలో ఉన్నది తప్ప మరేదీ చేయమని చెప్పే ఆ సంఘంలో అడుగుపెట్టాక చూస్తే, ఆదివారం తెల్లబట్టలే కట్టాలి, కమ్మలు తీసేయాలి, శుక్రవారం ఉపవాస కూటానికి రావాలి, డిసెంబరు 31 రాత్రి కూడికకు రాకపోతే సోమవారం పాస్టరమ్మ గారు ఇంటికి వస్తారు. ఇవి వాక్యంలో ఎక్కడున్నాయని ఒకసారి అడిగాను. మన సంఘంలో మొదటి నుంచీ ఇలాగే ఉందమ్మా అన్నారు. మా నాన్నగారి సంఘంలో ఇదే జవాబు వినిపిస్తే దాన్ని పారంపర్యాచారం అంటారు.

బెరయ_వాసి
అమ్మా, కొన్నింటికి వాక్యాధారం ఉంది. నగల విషయం 1 పేతురు 3లో, 1 తిమోతి 2లో ఉంది, ముసుగు విషయం 1 కొరింథీయులకు 11లో ఉంది. తెల్లబట్టలకూ, ఏడాది చివరి రాత్రి కూడికకూ ఆజ్ఞ లేదు, ఒప్పుకుంటాను. అవి స్వేచ్ఛగా పెట్టుకున్నవి. వాటిని ఎవరైనా ఆజ్ఞలాగా నెత్తిన రుద్దితే వారు కూడా మార్కు 7 కిందికే వస్తారు, అది నా సంఘమైనా సరే.

కొత్తపేట_కోడలు
స్వేచ్ఛ అని మీరు అంటున్నారు, అక్కడ ఎవరూ అనలేదు. రాసిపెట్టిన ఆచారమైతే కనీసం చూపించి ప్రశ్నించవచ్చు. మా దగ్గర అది పాస్టరు గారి మనసులో ఉంటుంది.

కాళహస్తి_ఉపాధ్యాయుడు
చివరి వాక్యం బాగుంది. తిరుచానూరు వారు అడిగిన "ఎంతవరకు" అన్న దానికి మా లూథరన్ సంఘం ఇచ్చే జవాబు రాస్తాను, ఎందుకంటే "వాక్యం మాత్రమే" అన్న నినాదం మాది, దాన్ని మా కన్నా గట్టిగా వాడుతున్నది వేరేవారు.

1521లో వోర్మ్స్ సభలో మా సంఘానికి మూలపురుషుడైన సంస్కర్త లూథరు, పోపులూ మహాసభలూ పలుమార్లు పొరబడ్డారు, ఒకరితో ఒకరు విభేదించుకున్నారు కనుక లేఖనం వల్లనో స్పష్టమైన యుక్తి వల్లనో ఒప్పిస్తే తప్ప మాట వెనక్కి తీసుకోనన్నాడు. అంతమాత్రాన ఆయన సంఘచరిత్రను మొత్తం గంగలో కలపలేదు. విశ్వాస ప్రమాణాలను ఉంచాడు, ఆరాధన క్రమాన్ని దిద్ది ఉంచాడు, పసిబిడ్డల బాప్తిస్మాన్ని ఉంచాడు. 1577 నాటి మా ఒప్పుదల పత్రంలో ఈ లెక్క తేటగా ఉంది: బోధలన్నింటినీ కొలిచే కోల లేఖనం ఒక్కటే, ప్రమాణాలూ పెద్దల రచనలూ సాక్షులు మాత్రమే. సాక్షిని తీర్పరి స్థానంలో కూర్చోబెట్టకూడదు, అలాగని కోర్టు బయటికి గెంటనూ కూడదు.

సంస్కర్తల మధ్య అసలు తేడా ఇంకొకటి ఉంది. లేఖనం నిషేధించని పాత ఆచారం ఉండవచ్చునని లూథరు పక్షం. లేఖనం ఆజ్ఞాపించనిది ఆరాధనలో ఉండకూడదని జ్యూరిక్ వారి పక్షం, అందుకే ఆర్గన్‌ను కూడా ఆపించారు. అయితే 1525 జనవరిలో ఆ జ్యూరిక్‌లోనే అక్కడి సంస్కర్త జ్వింగ్లీ శిష్యులు కొందరు, ఆయన నేర్పిన సూత్రాన్నే పట్టుకుని, పసిబిడ్డల బాప్తిస్మానికి ఆజ్ఞ ఎక్కడుందని అడిగి ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. రెండేళ్లకు, 1527 జనవరి 5న, వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను నగర పాలకులు లిమ్మత్ నదిలో ముంచి చంపారు. చంపించినవారూ చచ్చినవాడూ వాక్యం మాత్రమే అన్నవారే.

మా చేతులూ శుభ్రం కాదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన తొమ్మిదో ప్రకరణం అలా మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవారిని ఖండించింది, ఆ తరువాత లూథరన్ ప్రాంతాల్లోనూ వారిని హింసించారు. 2010లో స్టుట్‌గార్ట్‌లో కూడిన లూథరన్ ప్రపంచ సమాఖ్య అందుకు వారి వారసులైన మెన్నోనైట్ల ఎదుట క్షమాపణ కోరింది.

బెరయ_వాసి
ఈ చరిత్ర ఇంత నిజాయితీగా చెప్పిన లూథరన్‌ను నేను చూడలేదు. అయినా నిషేధించనిదంతా ఉండవచ్చు అన్న తలుపు తెరిస్తే చివరికి ఎక్కడికి చేరతామో డెబ్బైమూడు గారిని అడగండి. 1950 నవంబరు 1న పోపు మరియమ్మ మోక్షారోపణాన్ని, అంటే ఆమె శరీరంతో సహా పరలోకానికి ఎత్తబడిందన్న నమ్మకాన్ని, అందరూ నమ్మి తీరవలసిన సిద్ధాంతంగా ప్రకటించాడు. దానికి లేఖనంలో వచనం లేదు. పసిబిడ్డల బాప్తిస్మానికి కనీసం "ఇంటివారందరూ" అన్న మాటైనా అపొస్తలుల కార్యములు 16లో దొరుకుతుంది.

డెబ్బైమూడు_పుస్తకాలు
ఆ పండుగ తూర్పు సంఘాల్లో 1950కి పద్నాలుగు వందల ఏళ్ల ముందు నుంచే ఉంది. పోపు కొత్తగా కనిపెట్టలేదు, తిరుసభ నమ్ముతూ ప్రార్థిస్తూ వచ్చినదాన్ని ముద్రవేసి చెప్పాడు.

బెరయ_వాసి
పాతదని చెప్పారు, సరైనదని ఇంకా చెప్పలేదు.

డెబ్బైమూడు_పుస్తకాలు
అయితే మీ చేతిలోని పుస్తకపు విషయసూచిక సరైనదని ఎవరు చెప్పారు? కొత్త నిబంధనలో ఇరవై ఏడు పుస్తకాలు ఉండాలని ఏ పుస్తకంలో ఏ వచనంలో ఉంది?

చరిత్ర_చదువరి
తేదీలు నేను ఇస్తాను, వాదన మీరు చేసుకోండి. నాలుగో శతాబ్దం మొదట్లో యూసేబియుస్ రాసిన సంఘ చరిత్రలో యాకోబు, యూదా, 2 పేతురు, 2, 3 యోహాను పత్రికలు వివాదంలో ఉన్నవాటి కింద ఉన్నాయి. నేటి ఇరవై ఏడు పుస్తకాలనూ యథాతథంగా లెక్కపెట్టిన జాబితా మనకు మొదట దొరికేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియుస్ రాసిన పండుగ లేఖలో. తరువాత 393లో హిప్పోలో, 397లో కార్తేజులో సభలు అదే జాబితాను చెప్పాయి. లూథరు 1522 కొత్త నిబంధనలో హెబ్రీయులకు, యాకోబు, యూదా, ప్రకటన గ్రంథాలను చివరకు నెట్టి, వాటికి సూచికలో సంఖ్య కూడా వేయలేదు. అంటే పుస్తకాలను తూచే పని పదహారో శతాబ్దంలోనూ పూర్తిగా ఆగిపోలేదు.

బెరయ_వాసి
గుర్తించడం వేరు, అధికారం ఇవ్వడం వేరు. బాప్తిస్మమిచ్చు యోహాను ప్రభువును గొర్రెపిల్ల అని గుర్తించాడు, అంతమాత్రాన యోహాను ప్రభువు కన్నా పెద్దవాడు కాలేదు. రోమా పత్రిక పౌలు రాసిన రోజే దేవుని వాక్యం. అతనాసియుస్ లెక్కపెట్టే వరకు అది ఎదురుచూడలేదు.

కాళహస్తి_ఉపాధ్యాయుడు
జవాబు బలమైనదే. కాని గుర్తుపట్టిన సంఘానికి ఆత్మ సహాయం ఉందని అందులో ఒప్పుకున్నట్టే. అదే శతాబ్దంలో, అదే బిషప్పులు, అదే ఆత్మ సహాయంతో పసిబిడ్డలను చేర్చుకున్నప్పుడు మాత్రం పూర్తిగా దారి తప్పారని అనడానికి మరికాస్త ఆధారం చూపాలి.

బెరయ_వాసి
ఆ బిషప్పులే పరిశుద్ధుల అవశేషాలకు మొక్కడాన్నీ ప్రోత్సహించారు. మీరు దాన్ని తీసుకోలేదు. అంటే మీరూ ఏరుకున్నారు. దేనితో ఏరుకున్నారు? వాక్యంతోనే కదా.

కాళహస్తి_ఉపాధ్యాయుడు
అవును. అందుకే కోల ఒక్కటేనని రాశాను.

నగరి_మగ్గం
మా అవ్వకు చదువు రాదు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన మొత్తం మగ్గం ముందు కూర్చుని కండె మారుస్తూ వల్లించేది, ఒక్క మాట పొల్లు పోనిచ్చేది కాదు. వాక్యం మాత్రమే అన్నప్పుడల్లా నాకు వచ్చే సందేహం ఒకటే. చదవలేని మనిషికి వాక్యం అందినది సంఘం నోటి ద్వారానే. ఆమె విశ్వాసానికి ఆధారం వాక్యమా, సంఘమా?

చరిత్ర_చదువరి
ఈ ప్రశ్నను సుమారు 180లో బిషప్పు ఐరేనియస్ తాకాడు. అపొస్తలులు మనకు రాతలే వదలకపోయి ఉంటే పారంపర్యాన్నే అనుసరించవలసి వచ్చేది కాదా అని అడిగి, కాగితమూ సిరా లేకుండా రక్షణను హృదయంలో రాసుకున్న అనాగరిక జాతులు ఎన్నో ఉన్నాయని రాశాడు. తమాషా ఏమిటంటే, ఆయన ఎదిరించిన జ్ఞానవాదులు కూడా, లేఖనం చాలదు, మాకు అపొస్తలుల నుంచి రహస్యంగా అందిన బోధ ఉందనేవారు. అందుకే ఆయన పారంపర్యం అంటే ఎవరి చెవిలోనో ఊదినది కాదు, సంఘాలన్నింటిలో బహిరంగంగా బోధింపబడినదీ, వరుసగా బిషప్పుల పేర్లతో చూపగలిగినదీ అని గట్టిగా చెప్పాడు. కొత్తపేట అమ్మ చెప్పిన, పాస్టరు గారి మనసులో ఉండే ఆచారం ఈ పరీక్షకు నిలబడదు.

మన ప్రాంతంలోనూ బోధ అలాగే వచ్చింది. పుంగనూరుకు 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి జెస్యూట్ (కతోలిక) గురువులు, చిత్తూరు మదనపల్లె వైపు 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషను, తిరుపతి కాళహస్తి వైపు 1865 నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషను వచ్చారు. ముగ్గురూ ప్రశ్నోత్తరిని వల్లె వేయించిన సంప్రదాయాల వారే. జర్మనీలోని హాల్లెలో 1746లో మిషనరీ షుల్జ్ అచ్చు వేయించిన తెలుగు పుస్తకాల్లో లూథరు చిన్న ప్రశ్నోత్తరి ఉంది. కొత్త నిబంధన తెలుగులో శ్రీరాంపూరు నుంచి అచ్చులో వచ్చేసరికి 1818 అయింది.

బెరయ_వాసి
నగరి వారి అవ్వ వల్లించిన మూడింటిలో రెండు నేరుగా బైబిలులోనివే, మూడోది బైబిలులోని సంగతుల సారం. ఆమె విశ్వాసానికి ఆధారం వాక్యమే, సంఘం దాన్ని మోసుకొచ్చింది. మోసుకొచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పాలి, పెత్తనం ఇవ్వకూడదు.

డెబ్బైమూడు_పుస్తకాలు
మీరు ఆశ్చర్యపోతారు, 1965లో వాటికన్ రెండవ మహాసభ దైవావిష్కరణ మీద వెలువరించిన పత్రం, బోధనాధికారం దేవుని వాక్కుకు పైన లేదు, దానికి సేవ చేస్తుంది అనే అంటుంది. అయితే 1546లో త్రెంతు సభ చెప్పినట్టే, లేఖనాన్నీ పారంపర్యాన్నీ సమానమైన భక్తితో స్వీకరించమని కూడా అంటుంది. అక్కడ మీకూ మాకూ మధ్య గోడ అలాగే ఉంది, లేదని చెప్పను.

నిర్వాహకుడు
మరియమ్మ గురించి వచ్చిన ఐదు సందేశాలను వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ అధికారం ఎవరిదన్న దాని మీదే ఉండండి.

తిరుచానూరు_తండ్రి
చాలా నేర్చుకున్నాను. ఒకటి మాత్రం ఇంకా పట్టుబడలేదు. కోల ఒక్కటే అని ఉపాధ్యాయుల వారు, బెరయ వారు ఇద్దరూ అంటున్నారు. ఒకే కోలతో కొలిచి ఇద్దరూ వేరే కొలతలు చెబుతున్నప్పుడు ఎవరి మాట వినాలి? ఇంట్లో ఈ మాటలు జరుగుతుంటే మా అమ్మాయి, పద్నాలుగో ఏట కన్ఫర్మేషన్ నాడు సంఘం ఎదుట నా నోటితో నేను ఒప్పుకున్నాను కదా, అది వారికి చాలదా అని అడిగింది.

బెరయ_వాసి
అమ్మాయిని తప్పుపట్టడం లేదు, కాని కన్ఫర్మేషన్ కూడా వాక్యంలో లేదు.

కాళహస్తి_ఉపాధ్యాయుడు
ఆజ్ఞగా లేదు, నిజమే. సమరయలో పేతురు, యోహాను చేతులుంచిన సంగతి అపొస్తలుల కార్యములు 8లో ఉన్నా, దాన్ని లాక్కొచ్చి ఇది అదేనని నేను అనను. లూథరు దాన్ని సంస్కారాల లెక్కలోంచి తీసేశాడు, ప్రశ్నోత్తరి నేర్చుకున్న పిల్లలు సంఘం ముందు ఒప్పుకునే మంచి పద్ధతిగా మా సంఘాల్లో నిలిచింది. అందుకే కన్ఫర్మేషన్ లేనివాడిని మేము క్రైస్తవుడు కాదనం.

ఎవరి మాట వినాలన్న దానికి మా దగ్గర పోపు లేడు, బెరయ వారి పక్షాన పోపు లాంటి పాస్టరు ఉన్నాడు, రెండూ ఇబ్బందులే.

చరిత్ర_చదువరి
ఇద్దరూ ఒకే సంఘంలో ఉండడం అసాధ్యం కాదు. 1970లో ఉత్తర భారత సంఘం ఏర్పడినప్పుడు అందులో ఆంగ్లికన్లతోపాటు బాప్టిస్టులూ చేరారు, పసిబిడ్డల బాప్తిస్మం, విశ్వాసుల బాప్తిస్మం రెండింటినీ ఉంచుకున్నారు. 1982లో లీమాలో ప్రపంచ సంఘాల మండలి వేదాంతులు కతోలికులతో కూడా కలిసి తయారు చేసిన పత్రం, బాప్తిస్మం మళ్లీ చేయదగిన క్రియ కాదని స్పష్టంగా చెప్పింది.

బెరయ_వాసి
అవి సంఘాల మధ్య ఒడంబడికలు. మొదటిది చెల్లదని నమ్మేవాడికి రెండోది "మళ్లీ" కాదు, అదే మొదటిది. లీమా పత్రం ఈ ముడి విప్పలేదు.

అయితే తిరుచానూరు వారి కోసం ఒక మాట చెబుతాను, నా వాళ్లకే నచ్చకపోవచ్చు. మా బోధ ప్రకారం బాప్తిస్మానికి ముందు ఉండవలసినది ఆ మనిషి సొంత విశ్వాసం, సొంత నిర్ణయం. మీ అమ్మాయి లేఖనాలు చదివి, ఒప్పించబడి అడిగితే ఇవ్వాలి. పెళ్లి ఆగిపోతుందన్న భయంతో నీళ్లలోకి దిగితే, అపొస్తలుల కార్యములలో అలాంటి బాప్తిస్మం ఒక్కటి కూడా లేదు. అప్పుడు ఆ పాస్టరు గారు చేయించేది విశ్వాసుల బాప్తిస్మం కాదు, నమ్మకం అడగకుండా ఇచ్చే బాప్తిస్మమే. పసిబిడ్డల విషయంలో మేము తప్పుపట్టేది సరిగ్గా దాన్నే. ఆ సంఘం నాకు తెలియదు. మీరు కావాలంటే పెద్దల సమక్షంలో ఆయనతో మాట్లాడడానికి చిత్తూరు వస్తాను, వ్యక్తిగత సందేశం పంపండి.

డెబ్బైమూడు_పుస్తకాలు
బలవంతపు జ్ఞానస్నానం చెల్లదని తిరుసభ చట్టం కూడా అంటుంది. పెద్దలైనవారు తామే కోరుకోవాలి.

కొత్తపేట_కోడలు
బెరయ వారూ, మీరు వెళితే నగల సంగతి కూడా ఒకసారి అడిగి రండి. పెళ్లికూతురి కమ్మలు తీయించేది పెళ్లికి ముందా, తరువాతా అన్నది ఆ ఇంటివారు ముందే తెలుసుకోవడం మంచిది.